పెరట్లో ఎవరెవరున్నారు?

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో రెండు వానాకాలపు భోజనాలున్నాయి. మొదటిది విష్ణుచిత్తుడి ఇంట్లో. ఆకాశం నీటిబుగ్గలా మారి ముసురు పట్టిన రోజుల్లో, ఇంటికొచ్చిన వైష్ణవులకి ఆయన సన్నబియ్యపు అన్నం, పొట్టు తీసిన పప్పు, పోపు పెట్టిన కూరలు నాలుగైదు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి వడ్డిస్తాడు. రెండోది అదే కావ్యంలో చాలా తర్వాత, వర్షాకాల వర్ణనలో వస్తుంది. అక్కడ తినేవాళ్ళు ఊరి రెడ్లు. వాళ్ళ కంచంలో వరి అన్నం లేదు, ఆరికల అన్నం ఉంది. దానికి తోడు గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిసాకు, చింతచిగురు కలిపి నూనెలో పొరటిన కూర. అది తిని, చలి కాచుకోడానికి కుంపటి పెట్టుకుని మంచమెక్కుతారు.

రెండూ ఇంటి భోజనాలే. రెండూ, ఇవాళ మనం మురిపెంగా చెప్పుకునే 'సాదా జీవితం'లోవే. కానీ తేడా చూడండి. మొదటి ఇంట్లో వడియాలున్నాయి, వరుగులున్నాయి. అంటే ఎండాకాలంలోనే వానాకాలం గురించి ఆలోచించి, కూరగాయలు కోసి ఎండబెట్టి దాచిన చేతులున్నాయి. రెండో ఇంటి కూరని మాత్రం ఎవరూ నాటలేదు. అది వాన పడితే చేలగట్ల మీద దానంతటదే మొలిచింది.

ఇంకో సంగతి. మొదటి పద్యంలో వంట చేసేది విష్ణుచిత్తుడి భార్య. కంట్లోకి పొగ రాకుండా ఆమె పొయ్యిలో కొబ్బరి చిప్పలు పెట్టి వండుతుంది. వానాకాలంలో తడి కట్టెలతో వంటంటే ఏమిటో అంత పెద్ద రాజుకి తెలిసిందంటే ఆశ్చర్యమే. విస్తట్లో పదార్థాల గురించి చెప్పిన కవులు చాలామంది ఉన్నారు గానీ, వండే మనిషి కళ్ళ గురించి చెప్పినవాళ్ళు తక్కువ.

ఇంటి పంట, ఇంటి వంట అనగానే మనకి ఒక బొమ్మ కళ్ళముందుకొస్తుంది. పెంకుటిల్లు, వెనకాల బావి, పందిరి మీద ఆనపకాయలు, గోడవార బచ్చలి, మూల మునగచెట్టు. బజారుకి వెళ్ళక్కర్లేదు, డబ్బుతో పని లేదు, అంతా స్వచ్ఛం, అంతా మనది. నగరంలో ఆరో అంతస్తు బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టుకున్న మనకి ఆ బొమ్మ మీద బెంగ ఉండటం సహజం. ఆ బెంగని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. ఆ పెరట్లో ఎవరెవరున్నారో, బయట ఎవరు నిలబడ్డారో చరిత్రలో ఒకసారి వెతికి చూడాలని మాత్రం అనిపిస్తుంది.

సముద్రం దాటి వచ్చిన చుట్టాలు

ముందు మొక్కల సంగతి. దక్కనులో వ్యవసాయం చాలా పాతది. బళ్ళారి దగ్గర సంగనకల్లు లాంటి కొత్తరాతియుగపు ఊళ్ళలో తవ్వకాలు జరిపినప్పుడు, సుమారు నాలుగు వేల ఏళ్ళనాటి బూడిద పొరల్లో మాడిపోయిన గింజలు దొరికాయి. వాటిలో ఉలవలున్నాయి, పెసలున్నాయి, చిరుధాన్యాలున్నాయి. అంటే మన ఉలవచారు, పెసరట్టుల ముడిసరుకు ఈ నేల మీద వరికంటే ముందే స్థిరపడింది. వంకాయ, కాకరకాయ, బూడిదగుమ్మడి, చామ, కంద, అరటి, మునగ, కరివేపాకు, పనస ఇవన్నీ మన దేశానివో, ఇరుగుపొరుగు ఆసియా దేశాలవో. వేల ఏళ్ళుగా ఇక్కడున్నవే.

అక్కణ్ణుంచి లెక్క చిక్కుపడుతుంది. రాయలు ఏలింది 1509 నుంచి 1529 వరకు. పోర్చుగీసులు గోవాని పట్టుకున్నది 1510లో. అమెరికా ఖండాల నుంచి మిరప, జామ, బొప్పాయి, జీడిమామిడి, మొక్కజొన్న, వేరుసెనగ, తీపి గుమ్మడి వాళ్ళ ఓడల వెంట, ఆ తర్వాత వచ్చినవాళ్ళ ఓడల వెంట మెల్లమెల్లగా మన తీరానికి చేరాయి. టమాటా, బంగాళాదుంప మన పెరళ్ళలోకి, పొయ్యి మీదికి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. కాబట్టి విష్ణుచిత్తుడి ఇంటి కూరల్లోనూ, రెడ్ల ఆకుకూరలోనూ కారం ఉంటే అది మిరియాలదో, అల్లానిదో, ఆవాలదో అయ్యుండాలి.

వచ్చినవాటికి పేర్లు పెట్టడంలో మనవాళ్ళు ఎంత తెలివిగా ఉన్నారో చూస్తే ముచ్చటేస్తుంది. కారంగా ఉంది కాబట్టి మిరియం పేరు మీదే మిరపకాయ అయింది. అరవంలోనూ అంతే, మిళగు మిళగాయ్ అయింది. పరాయి నేల నుంచి వచ్చిందనడానికి 'సీమ' చేర్చారు: సీమచింత, సీమపనస. బెంగాల్ వైపు నుంచి వచ్చిందని బంగాళాదుంప అన్నారు. అదే తెలంగాణలో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ. టమాటాని కోస్తాలో కొన్ని చోట్ల రామములక్కాయ అన్నారు. ఇంట్లోకి వచ్చిన కొత్త కోడలిని వరస కలిపి పిలుచుకున్నట్టు, ప్రతి కొత్త కాయనీ ఏదో ఒక పాత కాయతో చుట్టరికం కలిపి లోపలికి తీసుకున్నారు.

ఇక్కడ అన్నిటికంటే విచిత్రం గోంగూర. 'ఆంధ్రమాత' అని మనం గొప్పగా పిలుచుకునే ఈ మొక్క కుటుంబం పుట్టిల్లు ఆఫ్రికా. వృక్షశాస్త్రజ్ఞుల మాట ప్రకారం ఆనపకాయ కూడా అక్కడిదే. అన్నిటికీ ఆధారమైన చింతచెట్టుకీ మూలం అక్కడే అంటారు. ఇవి పోర్చుగీసులకంటే చాలా ముందే వచ్చి, ఎప్పుడొచ్చాయో గుర్తులేనంతగా మనవైపోయాయి. ఆఫ్రికా ఆకుని, అమెరికా కారంతో నూరి, అది తెలుగుదనానికి గుర్తు అని చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. నాలుగు తరాలు నోటికి నచ్చినది మనదే. కాకపోతే 'ఇదంతా అనాదిగా మనది, బయటిదేదీ ముట్టనిది' అన్న మాట మాత్రం నిలబడదు.

మిరపకి ముందున్న వంట ఎలా ఉండేదో ఊహించడానికి ఒక చోటు ఇంకా మిగిలుంది. తద్దినం రోజు వంటిల్లు. చాలా ఇళ్ళల్లో ఆ రోజు మిరపకాయ ముట్టరు, మిరియాలు వేస్తారు. టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ దరిదాపుల్లోకి రావు. అరటికాయ, కంద, చామ, కాకర, మామిడల్లం, పెసరపప్పు వస్తాయి. పితృదేవతలకి వాళ్ళ కాలంలో తెలిసిన వంటే పెట్టాలన్నట్టు, ఐదు వందల ఏళ్ళ కిందటి వంటగది ఏడాదికోసారి తలుపు తీస్తుంది. దీన్ని మరీ అచ్చమైన చరిత్ర అనుకోకూడదు. ఆనపకాయ, మునక్కాయ లాంటి పాతకాపుల్ని కూడా కొన్ని ఇళ్ళల్లో ఆ రోజు వండరు. ఆచారానికి తన లెక్కలు తనకుంటాయి. అయినా ఆవ పెట్టిన అరటికాయ కూర, పనసపొట్టు కూర, మిరియాల చారు తింటున్నప్పుడు, మిరప రాకముందు కారం ఏ దారుల్లో నడిచిందో కాస్త తెలుస్తుంది.

దొడ్డి నడిచే తీరు

పెరడు, దొడ్డి, ఇంటెనక. ఊరికో పేరున్నా అది నడిచే తీరు ఒకటే. దాన్ని తోట అనుకోవడం కంటే, ఇంట్లో మిగిలినవన్నీ మళ్ళీ తిండిగా మారే చోటు అనుకోవడం మేలు.

స్నానాలగది నీళ్ళు అరటిచెట్టుకి పోతాయి. అంట్లు తోమిన నీళ్ళు చామకీ, బచ్చలికీ పోతాయి. బియ్యం కడుగు కుడితిగా గేదెకి పోతుంది. గేదె పేడ దిబ్బలోకి, దిబ్బ ఎరువు పాదుల్లోకి. పొయ్యిలో బూడిద సగం అంట్లకి, మిగతాది చిక్కుడు పాదు మీద పేనుబంకకి. బీరకాయలు రెండు మూడు కొయ్యకుండా తీగకే వదిలేస్తే ముదిరి ఎండుతాయి. లోపల గింజలు వచ్చే ఏటి విత్తనం, పైన పీచు ఒళ్ళు రుద్దుకోడానికి. ముదురు ఆనపకాయ బుర్ర నీళ్ళకో విత్తనాలకో పాత్ర అవుతుంది. గుమ్మడి, దోస గింజల్ని బూడిదలో కలిపి గుడ్డలో మూటగట్టి దూలానికి వేలాడదీస్తారు, లేదా పేడలో అద్ది గోడకి కొడతారు. పురుగు దగ్గరికి రాదు.

ఇక వంట. పెరటి కూరలో ఒక చిక్కుంది, అది బొమ్మల్లో కనపడదు. కాయడం మొదలుపెడితే అన్నీ ఒకేసారి కాస్తాయి. బీర కాసిన నెలలో రోజూ బీరకాయే. అందుకే ఒకే కాయకి అన్ని వంటలు పుట్టాయేమో. బీరకాయ పప్పు, బీరకాయ పాలు పోసిన కూర, బీరకాయ పచ్చడి, చివరికి చెక్కుతో పొట్టు పచ్చడి. అరటిచెట్టు ఒక్కటుంటే కాయ వేపుడు, పువ్వు కూర, గెల కొట్టేశాక చెట్టు లోపలి దూటతో పెరుగు పచ్చడి, చివరికి ఆకే విస్తరి. గానుగలో నూనె తీశాక మిగిలిన తెలగపిండిలో మునగాకు వేసి వండితే అదొక కూర. కంద, బచ్చలి కలిపితే ఇంకోటి. మిగిలిన ముక్కలన్నీ పులుసులో పడితే దప్పళం. దేన్నీ పారేయలేని సంసారం కనిపెట్టిన రుచులివి.

తినగా మిగిలినవి రెండు దారులు పట్టేవి. ఒకటి ఎండ. వంకాయ, కాకర, గోరుచిక్కుడు, మామిడి వరుగులవుతాయి. బూడిదగుమ్మడికాయ వడియాలవుతుంది. చింతకాయ, మాగాయ, గోంగూర జాడీల్లోకి చేరతాయి. రెండోది గోడ. గోడ మీంచి పక్కింటికి నాలుగు కాయలు వెళ్తాయి, వారం తిరక్కుండా అటు నుంచి ఇంకేదో వస్తుంది. డబ్బు లేకుండా నడిచిందని మనం చెప్పుకునే బతుకు నిజానికి ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీద నడిచింది. అయితే ఆ గోడ మీంచి చేతులు మారడానికి కులం కలవాలి, కనీసం అంటు అడ్డురాకూడదు. అది మర్చిపోకూడదు.

బజారు తిండి కొత్తదని అనుకోవడమూ పొరపాటే. కాకతీయుల ఓరుగల్లుని వర్ణించిన క్రీడాభిరామంలో ఒక పూటకూళ్ళ ఇల్లుంది. రూక ఇస్తే సన్నన్నం, పిండివంట, పప్పు, నంజుళ్ళు, గడ్డపెరుగుతో సహా భోజనం దొరుకుతుంది. ఆరు వందల ఏళ్ళ కిందటి తెలుగు నగరంలోనే ఇంటి తిండి, కొనుక్కునే తిండి పక్కపక్కనే ఉన్నాయి. నగరం ఎక్కడుంటే అక్కడ పెరడు లేని మనుషులుంటారు.

బయట నిలబడ్డవాళ్ళు

పెరడు ఉండాలంటే మూడు కావాలి. ఇంటి వెనక కాస్త నేల, అందులో నీళ్ళు, రోజూ దాన్ని చూసుకునే తీరిక. అగ్రహారంలో, పెద్ద రైతుల వీధిలో ఈ మూడూ ఉన్నాయి. పల్లెలో, వాడలో? గుడిసె వేసుకున్న నేల ఎవరిదో అయినప్పుడు మునగచెట్టు నాటడం ఎలా? ఊరి బావిలో చేద వేయనివ్వకపోతే, ఎవరో దయతలచి పైనుంచి పోసే నీళ్ళ కోసం కుండతో నిలబడ్డ మనిషి పాదుకి నీళ్ళెక్కణ్ణుంచి తెస్తుంది? పొద్దున్నించి సాయంత్రం దాకా ఇంకొకరి చేలో నాట్లు వేసే ఆడమనిషికి సొంత బచ్చలి తీగ మీద ధ్యాస ఎప్పుడు?

వాళ్ళకి దారి చూపింది రాయలు రెండో పద్యంలో చెప్పిన రకం కూర. ఎవరూ నాటనిది, ఎవరూ అమ్మనిది. కలుపు తీయడానికి వెళ్ళిన ఆడవాళ్ళు సాయంత్రం కొంగులో కట్టుకొచ్చేది. ఒకరికి కలుపు, ఒకరికి కూర. విచిత్రమేమిటంటే ఆ జాబితా ఇప్పటికీ బతికే ఉంది. తెలంగాణలో వినాయక చవితికి తుమ్మికూర వండుకుంటారు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వాళ్ళు, ఎక్కువగా దళిత మహిళలు, తమ చేలల్లో సాగు చేయకుండానే దొరికే ఆకుకూరల్ని ఏళ్ళుగా లెక్కకట్టి, వండి, బయటివాళ్ళకి తినిపించి చూపిస్తున్నారు. జొన్నచెంచలి, దొగ్గలి, గునుగు, గంగవాయిలి, ఇలా పదుల రకాలు. ఐదు వందల ఏళ్ళ కిందట కావ్యంలోకెక్కిన చెంచలి పేరు ఇంకా వాళ్ళ నోట్లో ఉంది. జొన్న, కంది, అనుములు కలిపి వేసిన చేలో అవి మొలుస్తాయి. కలుపుమందు కొట్టిన పత్తి చేలో మొలవవు. కలుపుమందుతో చచ్చేది గడ్డి ఒక్కటే కాదు, కూలికి వెళ్ళే మనిషి సాయంత్రపు కూర కూడా.

కరువొస్తే ఈ తేడా ఇంకా తేటగా కనపడుతుంది. 1780ల్లో విలియం రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు సామర్లకోటలో తోట పెంచాడు. కంపెనీకి లాభం తెచ్చే మిరియాలు, కాఫీ, నీలి, పట్టుపురుగులకి మల్బరీ, ఇలాంటివాటి మీద అక్కడ ప్రయోగాలు చేశాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన వేయించిన బొమ్మల పుస్తకం 1795 నుంచి వెలువడింది. మొక్కల వివరాలు రాసేటప్పుడు ఆయన వాటి తెలుగు పేర్లని కూడా నమోదు చేశాడు. ఆ పేర్లు చెప్పినవాళ్ళ పేర్లు మాత్రం మనకి తెలీవు.

ఆయన సర్కారు జిల్లాల్లో ఉండగానే 1790ల మొదట్లో భయంకరమైన కరువొచ్చింది. వానల మీద ఆధారపడ్డ పంటలు పోయినప్పుడు జనం ఎలా చచ్చిపోయారో ఆయన చూశాడు. కొబ్బరి, పనస, అరటి, సీమపనస లాంటి తిండి చెట్లని ఊళ్ళల్లో, దారుల వెంట, కాలవ గట్ల మీద పెద్ద ఎత్తున నాటించమని పైవాళ్ళకి రాశాడు. వాన తప్పినా చెట్టు కొంతకాలం నిలబడుతుందన్నది ఆయన ఆలోచన. ఒక రకంగా అది ఊరందరికీ ఉమ్మడి పెరడు. పెరడు లేనివాడు కూడా తినగలిగే పెరడు. కంపెనీ లెక్కల్లో మాత్రం మిరియాలకీ నీలికీ ఉన్న చోటు ఆ చెట్లకి దొరకలేదు. తర్వాత 1876-78 కరువులో బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలు మాడిపోయినప్పుడు సర్కారు తెరిచిన పనుల్లో కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం, అంటే అరకిలో కూడా లేని తిండి, సరిపోతుందని తేల్చారు. బావులు ఎండిపోయాక పెరడున్న ఇల్లూ లేని ఇల్లూ ఒకటే అనిపించవచ్చు గానీ, అటక మీద వరుగుల మూట, జాడీలో చింతకాయ ఉన్న ఇల్లు ఇంకో నెల నెట్టుకొస్తుంది. అవి లేని ఇల్లు ముందు ఊరొదిలి వెళ్తుంది.

పెరడు సర్కారు మాట అయినప్పుడు

ఇరవయ్యో శతాబ్దంలో పెరడు రాజకీయాల్లోకి వచ్చింది. యుద్ధం మూలంగా బర్మా బియ్యం ఆగిపోయి, బెంగాల్‌లో లక్షలమంది ఆకలితో చచ్చిపోయిన 1943లో, ప్రభుత్వం 'అధికాహారోత్పత్తి' ప్రచారం నడిపింది. స్వాతంత్ర్యం తర్వాతా అది కొనసాగింది. 1965లో, ఒకవైపు పాకిస్తాన్‌తో యుద్ధం, ఇంకోవైపు అమెరికా గోధుమల మీద ఆధారపడక తప్పని పరిస్థితి. అప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానమని, ఇంటి ఆవరణలో ఏదో ఒకటి పండించమని దేశాన్ని అడిగారు. తన ఇంటి పచ్చిక దున్ని తనే పంట వేశారు. సాదా బతుకు అప్పుడు దేశభక్తి అయింది.

దేశం ఆకలి తీర్చింది మాత్రం పెరళ్ళు కాదు. కాలవలు, ఎరువులు, కొత్త వంగడాలు, రేషన్ బియ్యం. అది కాదనలేని మేలు. జొన్న అంబలితో, ఆరికల అన్నంతో సరిపెట్టుకున్న ఇళ్ళకి తెల్లన్నం చేరింది. శ్రీనాథుడి పేరు మీద ఉన్న చాటువుల్లో పలనాటి జొన్నకూడు మీద అంత వెక్కిరింత ఎందుకుందో గుర్తు తెచ్చుకుంటే, వరి అన్నం ఎంత పెద్ద ఆశో తెలుస్తుంది. ఇవాళ చిరుధాన్యాలు తినమని నగరం చెబుతున్న మాట, వాటి నుంచి తప్పించుకోడానికి మూడు తరాలు కష్టపడ్డ ఇంట్లో ఎలా వినపడుతుందో కూడా ఆలోచించాలి.

ఆ మేలు వెనకే ఇంకోటి జరిగింది. విత్తనం ఇల్లొదిలి వెళ్ళింది. దూలానికి వేలాడిన మూట పోయి, దుకాణంలో ప్యాకెట్టు వచ్చింది. సంకర రకం కాయల్లో గింజ దాచుకుని నాటితే వచ్చే ఏడు అదే కాయ రాదు. కాబట్టి ఏటా కొనాలి. ఊరికో వంకాయ ఉన్న నేలలో వంకాయ ఒకే తీరుది అవడం మొదలైంది. 2010లో బీటీ వంకాయ మీద దేశంలో ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు జరిగితే అందులో హైదరాబాద్ ఒకటి. ఆ ఫిబ్రవరిలోనే కేంద్రం దాన్ని ఆపేసింది. జన్యుశాస్త్రం సంగతి ఎలా ఉన్నా, ఒక కూరగాయ మీద అంత వాదన ఎందుకు జరిగిందంటే, గుత్తి వంకాయ విత్తనం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న అందరికీ అర్థమయ్యేదే కనక.

1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లు మంచి పనే చేశాయి. పెరడు లేని పట్నంవాళ్ళకి దళారి లేకుండా తాజా కూర దొరికింది. అయితే పట్నంలోనే కాదు, పల్లెలో కూడా పెరడు తరిగిపోతోంది. పాత ఇళ్ళు పంపకాల్లో ముక్కలయ్యాయి, దొడ్డిలో ఇంకో గది లేచింది. 2020 డిసెంబర్ 25న ఆంధ్రప్రదేశ్‌లో లక్షలమంది పేదలకి ఇళ్ళ స్థలాల పట్టాలిచ్చారు. సొంత స్థలం లేనివాళ్ళకి అది చిన్న విషయం కాదు. ఆ స్థలం పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. సెంటున్నర అంటే సుమారు 73 గజాలు. రెండు గదులు, వంటిల్లు, మరుగుదొడ్డి కట్టాక అందులో కరివేపాకు మొక్కకి చోటు దొరికితే గొప్ప. పెరడు ఎన్నడూ లేనివాళ్ళకి చివరికి ఇల్లు దొరికినప్పుడు కూడా పెరడు దొరకలేదు.

ఎవరి చేతులు

మిగిలిన లెక్క ఆడవాళ్ళది. పైన చెప్పిన పనులన్నీ మళ్ళీ ఒకసారి చూడండి. కుడితి పోసిందెవరు? బూడిద చల్లిందెవరు? వడియాలు పెట్టి, వాన చినుకు పడగానే పరిగెత్తి తీసిందెవరు? అరటిపువ్వులో ఒక్కో దొంగని ఏరింది, పనసపొట్టు కొట్టింది, పొద్దున్నే పచ్చడి నూరింది ఎవరు? ఇలా విడమరిచి అడిగితే 'సాదా జీవితం' ఎవరికి సాదాగా ఉందో తెలుస్తుంది. తినేవాళ్ళకి సాదా. వండేవాళ్ళకి అది రోజంతా పట్టే పని.

ఇది పాతకాలపు మాట అనుకుంటే, 2019లో దేశవ్యాప్తంగా జరిగిన సమయ వినియోగ సర్వే ఉంది. ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు వాటికి పెడుతున్నారు. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. పైగా అసలు ఇంటి పనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళు నూటికి పాతికమంది మాత్రమే. మిక్సీ, గ్యాసు, కుక్కరు వచ్చాక కూడా ఇదీ పరిస్థితి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద పేద మహిళల పేరు మీద గ్యాసు కనెక్షన్లు ఇచ్చినప్పుడు, రాయలు పద్యంలో కొబ్బరి చిప్పలతో తప్పించబోయిన పొగకి నాలుగు వందల డెబ్బై ఏళ్ళకి పైగా గడిచాక ఒక జవాబు దొరికింది. కట్టెల పొయ్యి మీద వండిన కూర రుచే వేరు అనే ముందు ఆ కళ్ళ గురించి ఒక్క నిమిషం ఆగడం మర్యాద.

ఆ చేతుల దగ్గర చాకిరీ ఒక్కటే ఉందని కూడా అనలేం. ఏ ఆకు ఏ నెలలో లేతగా ఉంటుందో, ఏ గింజ దాచాలో, కందని ఎలా కడిగితే దురద పోతుందో, వరుగు ఎంత ఎండితే బూజు పట్టదో, ఇదంతా శాస్త్రమే. రాక్స్‌బర్గ్‌కి పేర్లు చెప్పిన నోళ్ళలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో. తర్వాత తెలుగులో వంటల పుస్తకాలు వచ్చాయి. మాలతీ చందూర్ 'వంటలు-పిండివంటలు' మళ్ళీ మళ్ళీ అచ్చయింది. అత్తగారి పెరటికి దూరంగా, ఉద్యోగాల ఊళ్ళలో కాపురం పెట్టిన ఎందరో కోడళ్ళకి అది పక్కింటి పెద్దావిడలా తోడుంది. ఆ పుస్తకాలు వంట దాచాయి. విత్తనం దాచడం, తీగ పాకించడం, కలుపులో కూర గుర్తుపట్టడం లాంటివి పుస్తకాల్లోకి పెద్దగా రాలేదు. అవి ఇప్పటికీ మనుషుల దగ్గరే ఉన్నాయి, ఆ మనుషులకి వయసైపోతోంది.

అయితే మన నాలుగు కుండీలు ఎందుకూ పనికిరావా? వస్తాయి. ఇంటికి సరిపడా కూర కుండీల్లో పండదు, పండుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. పుదీన, కొత్తిమీర, తోటకూర, బచ్చలి, నాలుగు పచ్చిమిరపకాయలు వస్తాయి. వాటితో పాటు కొన్ని అలవాట్లు కూడా పెంచొచ్చు. ఒక ఆనపకాయని ముదరనిచ్చి గింజ తీసి నలుగురికీ పంచడం. బజారులో పొన్నగంటి, గంగవాయిలి అమ్మే ఆమెని అవి ఎక్కడ కోసిందో, ఎలా వండుతుందో అడగడం. ఇంట్లో తెలగపిండి మునగాకు కూర వచ్చినవాళ్ళు ఉంటే కూతుర్నే కాకుండా కొడుకుని కూడా పక్కన కూర్చోబెట్టి నేర్పమనడం. అరటిపువ్వు బాగుచేసే పని అతనికే ఇవ్వడం, దానికి గంట పడుతుంది. పేదలకి స్థలాలిచ్చే మాట వచ్చినప్పుడల్లా సెంటున్నరలో చెట్టు ఎక్కడ పెట్టుకుంటారని అడగడం కూడా ఇందులో భాగమే.

రాయలు రాసిన ఆ రెండు భోజనాల్లో ఏది మంచిదంటే నేను చెప్పలేను. మొదటిదాంట్లో ముందుచూపుంది, అతిథికి పెట్టే మనసుంది. రెండోదాంట్లో ఎవరూ నాటని కూరని గుర్తుపట్టే కన్నుంది. ఈ రెండూ ఒకే కంచంలోకి రావాలంటే ఆ కంచం చుట్టూ పనీ నేలా పంచుకునేవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉండాలి. పొయ్యి దగ్గర ఎప్పుడూ ఒకే మనిషి ఉండకూడదు.